కరాటేకి తాతెవరు? సమురాయ్‌కి పేర్లెన్ని?

పోయిన నెల ఇదే పేజీలో మా టీవీ బల్ల మీదున్న దరుమా బొమ్మ గురించి నాలుగు ముక్కలు రాశాను. కాళ్లూ చేతులూ లేని ఎర్రటి గుండ్రటి జపాన్ బొమ్మ. కొన్నప్పుడు కళ్లు రెండూ తెల్లగా ఉంటాయి. ఏదో ఒకటి కోరుకుని ఒక కన్ను దిద్దాలి, కోరిక తీరాక రెండోది. నాది మూడేళ్లుగా ఒంటి కన్నుతోనే చూస్తోంది. ఆ బొమ్మ బౌద్ధ గురువు బోధిధర్ముడిదని ఒక్క వాక్యం రాశానో లేదో, ఈ నెల ఉత్తరాలన్నీ జపాన్ మీదే. మిగతావాళ్ల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

కరాటేకి ఆద్యుడు మన కంచి పల్లవ రాకుమారుడు బోధిధర్ముడే కదా. "కరము" అంటే చెయ్యి. పేరులోనే మన భాష ఉండగా, ఆ సంగతి రాయకుండా దాటేశారేం?
— ఒక కరాటే మాస్టారు, నెల్లూరు

మాస్టారూ, 1983లో విశాఖపట్నంలో ఓ రేకుల షెడ్డులో నేను కరాటేలో చేరాను. సుమన్, భానుచందర్ సినిమాల పుణ్యం. ఆ షెడ్డు గోడకి మూడు పటాలుండేవి: ఆంజనేయస్వామి, బోధిధర్ముడు, బ్రూస్‌లీ. ముగ్గురికీ కలిపి ఒకటే అగరుబత్తి. మీరు చెప్పిన మాటే మా మాస్టారూ చెప్పారు, ఇరవయ్యేళ్లు నమ్మాను. ఆ తర్వాత ఉద్యోగం మీద మూడేళ్లు నగోయాలో ఉన్నాను కాబట్టి కొంచెం నమ్మకం సడలింది.

ముందు "కరము" సంగతి. కరాటేలో చెయ్యి ఉంది, కానీ ముందు కాదు, వెనకాల! "తె" అంటే చెయ్యి. "కర" అంటే ఇప్పుడు ఖాళీ. ఇప్పుడు అని ఎందుకన్నానంటే, ఒకప్పుడు అదే "కర"ని వేరే అక్షరంతో రాసేవాళ్లు. ఆ అక్షరానికి అర్థం చైనా, చైనాలోని తాంగ్ రాజవంశం. అంటే కరాటే పుట్టిన ఒకినావా దీవుల వాళ్లు తమ విద్యని తామే "చైనా చెయ్యి" అని పిలుచుకున్నారు. 1936 అక్టోబర్ 25న అక్కడి నహా పట్నంలో పెద్ద గురువులంతా సమావేశమై "ఖాళీ చెయ్యి" అనే రాతని ఖాయం చేశారు. పలుకు ఒకటే, అక్షరం మారింది. చైనాతో పూర్తి యుద్ధానికి ఇంకా ఏడాది కూడా లేని కాలం. "చైనా చెయ్యి" అనే బోర్డు టోక్యోలో పెట్టుకోవడం ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు.

ఇక బోధిధర్ముడు. ఆయన గురించి దొరుకుతున్న మొట్టమొదటి రాత క్రీ.శ. 547 నాటిది, లోయాంగ్ నగరంలోని బౌద్ధాలయాల మీద యాంగ్ షువాన్‌జీ రాసిన పుస్తకం. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన ముసలి సన్యాసి. ఓ గోపురాన్ని చూసి మురిసిపోయి, నాకు నూటయాభై ఏళ్లు, ఇలాంటిది ఎక్కడా చూడలేదు అంటాడు. ఇంకో పాత రాతలో దక్షిణ భారతంలో ఒక రాజుగారి మూడో కొడుకు. కంచి, పల్లవ అన్న మాటలు ఆ రెండింట్లోనూ లేవు, తర్వాత చేరాయి. అంతకంటే ముఖ్యం, రెండింట్లోనూ ఆయన ఎవరినీ కొట్టలేదు, కొట్టడం నేర్పలేదు.

మరి చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులకి వ్యాయామం నేర్పాడన్న కథ ఎక్కడిది? కండర మార్పిడి గ్రంథం అని చైనాలో ఒకటుంది. అది బయటికొచ్చింది 1624 ప్రాంతంలో, అంటే బోధిధర్ముడి తర్వాత వెయ్యేళ్లకి పైనే. దానికి ముందుమాట మాత్రం 628 నాటి ఓ సేనాపతి పేరిట ఉంది. ఆ ముందుమాటలో, ఈ గ్రంథాన్ని నేను ఫలానా వీరుడికి అందించాను అని ఆ సేనాపతి చెబుతాడు. ఆ ఫలానా వీరుడు తర్వాతి కాలపు కథలో పాత్ర! శ్రీకృష్ణదేవరాయల శాసనం మీద గిరీశం సాక్షి సంతకం పెట్టినట్టు. 1930లో తాంగ్ హావో అనే చైనా పరిశోధకుడు ఈ బండారమంతా విప్పి రాశాడు. అయినా 1904 ప్రాంతంలో ధారావాహికగా వచ్చిన ఓ నవల అప్పటికే ఆ కథని ఇంటింటికీ చేర్చేసింది. కథ ఊరు చుట్టి వచ్చేసరికి నిజం ఇంకా చెప్పులు వెతుక్కుంటోంది.

ఒకినావా వాళ్ల మాటే వినండి. కరాటేని బడిపిల్లల దాకా తెచ్చిన ఇతోసు అంకో 1908లో పది సూత్రాలు రాశాడు. మొదటి మాటే, కరాటే బౌద్ధం నుంచీ రాలేదు, కన్ఫ్యూషియస్ మతం నుంచీ రాలేదు అని. పాత శాఖలు చైనా నుంచి వచ్చాయని మాత్రం ఒప్పుకున్నాడు. ఒకినావా వర్తకుల ఓడలు ఫుజియన్ ప్రాంతంలోని ఫుజౌ రేవుకి వెళ్లేవి. కరాటేలో చైనా పాలు ఎక్కువగా వచ్చింది ఆ దారినే.

నగోయాలో నేను వెళ్లిన సాయంత్రం తరగతిలో గురువుగారికి అప్పటికి డెబ్బై దాటాయి. బోధిధర్ముడి ప్రస్తావన తెచ్చాను, నా దేశం వాడని కొంచెం గర్వంగానే. ఆయన నడుం పట్టీ బిగించుకుంటూ అన్నాడు: "దరుమా తొమ్మిదేళ్లు గోడకేసి చూస్తూ కూర్చుంటే కాళ్లు పడిపోయాయి కదా. మరి తన్నడం ఎలా నేర్పాడంటావ్?"

బోధిధర్ముడు చైనాకి మోసుకెళ్లాడని కొందరనే మన కేరళ యుద్ధవిద్య కలరి గొప్ప విద్యే. దానికి కరాటే తండ్రి అనే బిరుదు తగిలిస్తే పెరిగేదీ లేదు, తీసేస్తే తరిగేదీ లేదు. మీ గోడ మీద పటం ఉంటే ఉండనివ్వండి. ధ్యానానికి ఆయన గురువే.

జూడో, జుజుత్సు అయినా జపాన్ వాళ్ల సొంతమా? అవీ చైనా ఆయనెవరో నేర్పినవని చదివాను.
— లా విద్యార్థిని, వరంగల్

ఆ చైనా ఆయన నిజమైన మనిషే తల్లీ. చెన్ యువాన్‌యున్, జపాన్‌లో చిన్ గెంపిన్ అంటారు. 1587లో పుట్టి, మింగ్ రాజ్యం చివరి రోజుల్లో జపాన్ వచ్చి, చివరికి మా నగోయాలోనే ఒవరి ప్రభువు నీడన స్థిరపడి 1671లో పోయాడు. కవి, కుండలు చేయడంలోనూ చెయ్యి తిరిగినవాడు. ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో ఓ గుడిలో బస చేసినప్పుడు ముగ్గురు రోనిన్‌లకి, అంటే దొర లేని సమురాయ్‌లకి, చైనాలో మనిషిని పట్టుకునే పద్ధతులున్నాయని చెప్పాడట. ఆ ముగ్గురూ దాన్ని పట్టుకుని తలో శాఖా పెట్టారట. 1779లో జుజుత్సు ఈయనతోనే మొదలైందని రాయి చెక్కించి పెట్టారు కూడా.

నువ్వు లా చదువుతున్నావు కాబట్టి తేదీలు చూడు. ఆయన జపాన్ గడ్డ మీద కాలు పెట్టింది 1600 దాటాక. మిమసాకా ప్రాంతంలో తకెనోఉచి శాఖ మొదలైంది 1532లో, కుస్తీపట్లూ చిన్నకత్తీ తాళ్లతో కట్టడమూ అన్నీ కలిపి. అంటే మనవడు పుట్టిన ఎనభై ఏళ్లు దాటాక తాత ఊళ్లోకి దిగాడన్నమాట. జూడోని కట్టిన కానో జిగొరో 1888లోనే ఇంగ్లీషులో వ్యాసం రాసి ఈ వాదనని పక్కకి నెట్టాడు. 1882లో టోక్యోలో ఓ గుడి గదుల్లో కొదోకాన్ అనే జూడో బడి పెట్టింది ఆయనే. బడిపంతులు మనిషి, లెక్క తప్పనివ్వడు.

అలాగని తకెనోఉచి వాళ్ల కథ మాత్రం కాగితాలతో నడవదు. వాళ్ల మూలపురుషుడు గుళ్లో తపస్సు చేస్తుంటే ఓ కొండ సన్యాసి వచ్చి నేర్పి మాయమయ్యాడట! ఎవరో పొడుగాటి మనిషి రాత్రి కల్లోకి వచ్చి చెప్పాడనే శాఖలు జపాన్‌లో లెక్కలేనన్ని. విద్య ముందు పుడుతుంది, గిరాకీ పెరిగాక దానికి తాతని వెతుకుతారు. ఈ సంగతి పేర్ల దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది, కింద రాశాను.

నల్ల బెల్టు ఎందుకు నల్లగా ఉంటుంది? తెల్ల బెల్టు ఉతక్కుండా వాడగా వాడగా మాసి నల్లబడిందని మా సార్ చెప్పారు.
— తొమ్మిదో తరగతి, ఒంగోలు

మీ సార్ బట్టలు ఎవరు ఉతుకుతారో కనుక్కో. నల్ల బెల్టు 1880లలో కానో జిగొరో జూడోలో పెట్టిన గుర్తు. కరాటే వాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు. ఫునకోషి గిచిన్ తన శిష్యులకి మొదట ఇచ్చింది 1924లో. పసుపు, నారింజ, ఆకుపచ్చ లాంటి రంగులు ఇంకా తర్వాత యూరప్‌లో జూడో నేర్పేటప్పుడు వచ్చినవి. బెల్టు ఉతుక్కోవచ్చు నాన్నా, విద్య పోదు.

మా మనవడు పొద్దస్తమానం దొరేమాన్, షిన్‌చాన్ చూస్తాడు. షిన్‌చాన్ అసలు పేరు షిన్నోసుకె అట. "దొరేమాన్" అంటే మన "దొర"కి సంబంధం ఏమైనా ఉందా?
— ఓ బామ్మ, భీమవరం

దొరకి సంబంధం లేదు బామ్మగారూ, కానీ దొరగారి కొలువుకి ఉంది! ముందు సగం దిక్కులేని దొంగపిల్లి అనే మాట లోంచి వచ్చింది. వెనక సగం "ఎమోన్", అంటే పాతకాలం రాజభవనం ద్వారాలు కాసే దళం పేరు. అందులో ఉద్యోగం చేసినవాళ్ల పేర్ల చివర అది చేరింది. తర్వాత ఉద్యోగం లేకపోయినా తోక మిగిలిపోయింది. పైన చెప్పిన చైనా కవి దగ్గరికెళ్లిన ముగ్గురిలో ఒకడి పేరు షిచిరోఎమోన్. షిన్నోసుకెలో "సుకె" కూడా అంతే, ఉప అధికారి హోదా. మన దగ్గర కరణం, మజుందార్, దేశ్‌ముఖ్ ఉద్యోగాలు పోయి ఇంటిపేర్లుగా మిగల్లేదూ? మీ మనవడు చూస్తున్నది ద్వారపాలకుణ్ణీ డిప్యూటీ కలెక్టర్నీ అనుకోండి.

జపాన్‌ని ఏలిన టొకుగావా ఇయెయాసు గురించి చదువుతుంటే పేజీకో పేరు. ఒక్క మనిషికి ఇన్ని పేర్లెందుకు?
— బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

ఇయెయాసు పుట్టిన ఒకజాకి మా నగోయాకి రైల్లో అరగంట. అక్కడ కోట చూడ్డానికి వెళ్లినప్పుడు నాకూ ఇదే తలనొప్పి వచ్చింది. నా తోటి ఉద్యోగి ఒకాయన టిఫిన్ డబ్బా మూత మీద పెన్నుతో గీసి చెప్పాడు, అప్పుడు బుర్రకెక్కింది.

1543లో పుట్టినప్పుడు ఇంటిపేరు మత్సుదైరా, చిన్నప్పటి పేరు తకెచియొ. ఇమగావా యోషిమొతో అనే పెద్ద ప్రభువు దగ్గర తాకట్టు బిడ్డగా పెరిగాడు. 1555లో నుదుటి జుట్టు తీసి, పెద్దవాడయ్యాడని వేడుక చేశారు, మన ఒడుగులాంటిది. అప్పుడు పేరు మొతోనొబు. ఈ "మొతో" ఎవరిదో చూశారా? యోషిమొతోది. ప్రభువు తన పేరులో ఒక అక్షరం కోసి బంటుకి ఇవ్వడం అక్కడ పెద్ద బహుమానం. జీతం పెంచినదానికంటే ఎక్కువ. కొన్నాళ్లకి "నొబు" తీసేసి తాత కియొయాసు నుంచి "యాసు" తెచ్చుకుని మొతోయాసు అయ్యాడు. 1560లో ఓడా నొబునాగా అనే ఇంకో ప్రభువు దాడిలో యోషిమొతో తల పోయింది. ఇక ఆ "మొతో" మొయ్యడం దేనికి? 1563లో దాన్నీ వదిలించుకుని ఇయెయాసు అయ్యాడు. మన దగ్గర పార్టీ మారితే కండువా మారుస్తారు, అక్కడ అక్షరం మార్చారు.

ఈ "ఇయెయాసు" అనేది అసలు పేరు. జపాన్ భాషలో దాన్ని ఇమినా అంటారు, పలకకూడనిది అని అర్థం. అది సంతకానికీ దేవుడికీ. ఎదురుగా ఎవరూ "ఇయెయాసు గారూ" అని పిలవరు. పిలవడానికి వేరే పేరు, జిరోసబురో లాంటిది. లేదంటే పదవి పేరు. మా అమ్మ చచ్చేదాకా మా నాన్న పేరు పలకలేదు. రేషన్ కార్డు గుమస్తా అడిగితే నన్ను ముందుకి తోసేది. కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు. పిలుపు పేర్లలో చాలావాటికి లెక్కే ఆధారం: తరో పెద్దోడు, జిరో రెండోవాడు, సబురో మూడోవాడు. పదకొండోవాడి పేరు యొయిచి, "పది పోగా మిగిలిన ఒకటి". మనవాళ్లు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు దగ్గర ఆగిపోయారు.

తర్వాత ఇంటిపేరు. 1566లో మత్సుదైరా కాస్తా టొకుగావా అయింది. తూర్పున మినమొతో వంశంలో ఆ పేరున్న పాత శాఖ ఒకటుండేది, మేం ఆ వేలు విడిచిన వాళ్లమే అన్నాడు. క్యోటో రాజదర్బారు మొదట ఒప్పుకోలేదు. కొనోఎ సకిహిస అనే పెద్ద రాజోద్యోగి మాటసాయం చేశాడు, ఎవరింట్లోనో సరిపడే పాత వంశావళి దొరికింది, పని అయింది. ఆ పని పూర్తయ్యేనాటికి మొదట రాసింది మినమొతో కూడా కాదు, ఫుజివారా. మళ్లీ మినమొతోకి మార్చుకున్నది తర్వాతి మాట. కావాల్సినప్పుడు తాత దొరుకుతాడని జుజుత్సు దగ్గర అన్నాను కదా, అదే ఇది.

ఇదే సకిహిస ఇంకో పెద్దమనిషికీ అక్కరకొచ్చాడు. మేమున్న నగోయా నకమురా పేటలోనే పుట్టిన రైతుబిడ్డ హిదెయోషి. మొదట కినోషిత. పైకొచ్చాక నొబునాగా దగ్గరి ఇద్దరు పెద్ద సేనానులు నివా, షిబాతా పేర్లలోంచి చెరో అక్షరం తీసి హషిబా అని పెట్టుకున్నాడు, ఇద్దరికీ నచ్చేట్టు. షిబాతాకి ఎంత నచ్చిందో గాని, 1583లో ఆయన్ని ఓడించి ప్రాణం తీసుకునే గతి పట్టించింది ఈయనే. రాజప్రతినిధి పదవికి ఫుజివారా వంశమే అయ్యుండాలంటే, 1585లో సకిహిసకి దత్తుడయ్యాడు. యాభై ఏళ్లకి దగ్గరపడ్డ దత్తపుత్రుడు! ఆ మరుసటేడు అదీ చాలక టొయొటొమి అనే సరికొత్త వంశమే చక్రవర్తి చేత ఇప్పించుకున్నాడు.

ఇంత పేర్లమారి మనిషి సొంత కొడుక్కి ఏం పేరు పెట్టాడో తెలుసా? 1589లో లేకలేక పుట్టినవాణ్ణి "సుతె" అని పిలిచాడు, పారేసినది అని. ఆ పిల్లాడు దక్కలేదు. 1593లో ఇంకొకడు పుట్టాడు. పుట్టగానే బయట వదిలేసి, ఇంకొకరి చేత ఎత్తించి తెప్పించి "హిరోయి" అన్నాడు, ఏరుకున్నది. నకమురా పార్కు బెంచీ మీద నా తోటి ఉద్యోగి ఈ మాట చెబుతుంటే చేతిలో టీ అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా చిన మేనమామ పేరు పెంటయ్య. ముందు ఇద్దరు పోయారని మా అమ్మమ్మ వాణ్ణి పురిట్లోనే పెంటకుప్ప మీద పెట్టించి, పొరుగావిడ చేత తీయించి, చేటెడు నూకలు పోసి కొనుక్కుంది. ఒసాకా కోటలో ఉన్నా, శృంగవరపుకోట దగ్గర పెంకుటింట్లో ఉన్నా తల్లిదండ్రుల భయం ఒకటే. ఆ మాట ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక మామయ్య పేరు మాత్రం చెప్పి, అర్థం "హిరోయి" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ హిరోయి పెద్దవాడై హిదెయోరి అయ్యాడు, 1615లో ఒసాకా కోటలో ఇయెయాసు సేనలు చుట్టుముట్టగా పోయాడు. మా మామయ్య ఎనభై నాలుగేళ్లు బతికాడు.

సమురాయ్‌లు కానివాళ్లకి ఇంటిపేర్లే లేవంటారు, నిజమా? ఇక్కడి ఆఫీసు ఫారాల్లో నా ఇంటిపేరు, పేరు తారుమారై నానా అవస్థ పడుతున్నాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టోక్యో

లేవనడం కంటే, బయట వాడుకోనిచ్చేవారు కాదనడం సరైన మాట. పల్లెల్లో చాలామందికి ఇంటిపేర్లు ఉన్నట్టు గుడి చందాల చిట్టాల్లో కనిపిస్తుంది. 1870లో అందరూ పెట్టుకోవచ్చన్నారు, జనం పట్టించుకోలేదు. సైన్యానికి మనుషుల లెక్క కావాలి కాబట్టి 1875లో తప్పనిసరి చేశారు. మధ్యలో 1872లో పిలుపు పేరా, అసలు పేరా, ఏదో ఒకటే ఉంచుకోండి అని ఇంకో హుకుం.

ఫారం బాధ మీ ఒక్కరిదే కాదు. పెద్ద సేనాని సైగో తకమోరి ఉన్నాడు చూశారూ, ఆయన అసలు పేరు తకనగా. 1869లో హోదా ఇస్తూ అసలు పేరు రాయమన్నారు. ఆయన ఊళ్లో లేడు. అందరూ పిలుపు పేరే వాడే రోజులు కాబట్టి స్నేహితుడికీ గుర్తు లేదు, తోచింది రాయించాడు. తకమోరి, సైగో వాళ్ల నాన్న పేరు! ఆయన సర్దుకుని అదే ఉంచుకున్నాడు. ఆయన తమ్ముడు "ర్యూదో" అని నోటితో చెబితే గుమస్తాకి "జూదో" అని వినిపించిందట, అదే ఖాయమైంది. మన జూడోకి సంబంధం లేదు, అక్షరాలు వేరు. మా నాన్న కూడా బళ్లో వేసిన మాస్టారి దయవల్ల జూలై 1న పుట్టాడు. ఆ తరంలో సగం ఊరు జూలై 1నే పుట్టింది. మీకు ఒక ఊరట: 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వం తమ పేర్లు ఇంగ్లీషులో రాసినా ఇంటిపేరే ముందు రాస్తోంది, మనలాగే.

కత్తివీరుడు మియమొతో ముసాషి సొంత ఊరేది? ఒక్కో చోట ఒక్కోటి రాశారు.
— రిటైర్డ్ లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

ఆయన మాటే చూడండి. 1643లో అరవై ఏళ్ల వయసులో కొండెక్కి, ఐదు చక్రాల గ్రంథం రాయడానికి కూర్చుని మొదట్లోనే తన పేరిలా రాసుకున్నాడు: హరిమా ప్రాంతంలో పుట్టిన యోధుణ్ణి, షిన్మెన్ ముసాషి నో కామి ఫుజివారా నో గెన్షిన్. షిన్మెన్ ఇంటిపేరు. ముసాషి నో కామి అంటే ముసాషి ప్రాంతానికి పాలకుడు, ఆయన ఏనాడూ పాలించింది లేదు. ఫుజివారా వంశం, మళ్లీ అదే తాత. మనం పిలుచుకునే మియమొతో అందులో ఎక్కడా లేదు.

పుట్టింది హరిమా అని తానే రాసుకున్నా, పక్కనున్న మిమసాకాలోని మియమొతో పల్లె వాళ్లు మావాడే అంటారు. 1930లలో పత్రికలో వచ్చిన ఓ నవలతో ఆ మాటే లోకమంతా పాకింది. ఓ సెలవు రోజున నేనూ వెళ్లాను. హరిమా వైపు కమిగొరిలో చిన్న రైలెక్కితే కొండల మధ్యగా పోతూ ఇషీ దగ్గర హరిమా అయిపోతుంది. సరిహద్దు దాటగానే వచ్చే మొదటి స్టేషన్ పేరు మియమొతో ముసాషి. నాతోపాటు దిగింది ఒక ముసలావిడ, చేతిలో ఉల్లికాడల కట్ట. ముసాషి పుట్టింది ఇక్కడేనా అని నా వచ్చీరాని జపాన్‌లో అడిగాను. స్టేషన్ బోర్డు వైపు గడ్డంతో చూపించి వెళ్లిపోయింది.